పక్క నుంచి వెలుతురు

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా నా స్టూడియోలో గొడుగు లైటు మళ్లీ ఫ్లాష్ నింపుకుంటూ సన్నగా కూత పెడుతుంది. చెవి పక్కకి దోమ వచ్చినట్టు మొదలై, పైకి పైకి పోయి, టక్కున ఆగిపోతుంది. ప్రత్తిపాడులో ఈ స్టూడియో పెట్టి చాలా ఏళ్లయింది, రోజూ వినే చప్పుడే. అయినా అది వినపడగానే నా కళ్లు వాటంతటవే గుమ్మం వైపు తిరుగుతాయి. మొన్న మిరపకాయల లారీలు వరసగా పోతుంటే ఆ ఘాటుకి తుమ్ముకుంటూ కూర్చున్న ఒక పెళ్లికూతురు కూడా అది కనిపెట్టి, "ఎవరన్నా వస్తారాండీ?" అని అడిగింది. ఎవరూ రారమ్మా అని చెప్పి ఆమె గడ్డం కొంచెం పైకెత్తాను. నిజానికి ఆ చూపు నాకు పని నేర్పిన మస్తాన్‌బీ గారిది. లైటు ఎటు పెట్టాలో, ఫోటోలో ఎక్కడ పదును పెట్టాలో, ఎక్కడ అసలు ముట్టుకోకూడదో ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఆ పనితో పాటు ఆవిడ భయం కూడా జలుబు అంటుకున్నట్టు నాకు అంటుకుంది.

పర్చూరులో బస్టాండు వెనక సందులో ఉండేది ఆవిడ స్టూడియో. భర్త నడిపిన కొట్టు. ఆయన పోయాక అమ్మేస్తుందనుకున్నారంతా. ఆవిడ అమ్మలేదు, ఆయన కెమెరా తీసుకుని తనే నిలబడింది. ఆడపిల్లల ఫోటోలకి చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్లు, మగవాడి ముందు గడ్డం ఎత్తి కూర్చోవాల్సిన ఇబ్బంది ఉండదు కదా. ఇంత చెప్తే ఏ ధైర్యవంతురాలో అనుకుంటారేమో. నేను చూసిన మనుషుల్లో అంత పిరికి మనిషి ఇంకొకరు లేరు. ఆకాశం మబ్బు పడితే ప్లగ్గులన్నీ పీకేసేది. తాళం వేసి, సందు చివరిదాకా వెళ్లి, వెనక్కొచ్చి మళ్లీ లాగి చూసేది. కొంచెం గట్టి గొంతుతో ఎవరైనా పిలిస్తే చేతిలో ఉన్న లెన్సు మూత కిందపడేది. "పిల్లి తుమ్మినా మస్తాన్‌బీ షట్టరు దించుద్ది" అని పక్కనున్న పురుగుమందుల కొట్టువాళ్లు ఆవిడ ఎదురుగానే ఆటపట్టించేవాళ్లు. ఆవిడ కూడా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని, ఎందుకు నవ్వకూడదో అప్పటికి తెలియదు.

డిగ్రీ అయిపోయి, చిలకలూరిపేటలో కంప్యూటర్ మీద ఫోటోలు దిద్దడం నేర్చుకుని ఆవిడ దగ్గర చేరాను. కొత్తలో నాకు షార్ప్ చెయ్యడమంటే పిచ్చి. తెర మీద మీట జరుపుతూ పోతే మసకగా ఉన్నదల్లా తేటపడుతుంది, వెంట్రుక వెంట్రుకా లెక్కకొస్తుంది, అదే గొప్ప పని అనుకునేదాన్ని. ఒకసారి ఒక పొగాకు రైతు తన ఫోటో పెద్దది చేయించుకుందామని వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. నేను నా విద్యంతా చూపించి ఆయన ముఖంలో ముడతలన్నీ నాగటి చాళ్లలాగా లేపి పెట్టాను. మస్తాన్‌బీ గారు నా భుజం మీదుగా కాసేపు చూసి, "ఏం పద్మా, ఈ పెద్దాయన మీద నీకేమన్నా కోపమా?" అన్నారు.

"కోపమేంటక్కా, క్లియర్‌గా వచ్చిందిగా" అన్నాను.

"క్లియర్‌గానే వచ్చింది. ఇంటికెళ్లి గోడకి పెట్టుకుంటే ఆయన పెళ్లాం జడుసుకుంటుంది. కళ్లకి పెట్టు పదును, రెప్పలకి పెట్టు. చర్మాన్ని వదిలెయ్. నలభై ఏళ్లు ఎండలో ఉంది, దాన్ని ఇంకా కొట్టమాకు."

లైటు దగ్గరా అంతే. కుర్చీలో మనిషి కూర్చోగానే ఆవిడ మొదట అడిగేది ఒకటే. ఈ ఫోటో ఎవరు చూస్తారు? పెళ్లివారు చూస్తారంటే రెండు లైట్లూ ఎదురుగా పెట్టేది, ముఖం మీద మచ్చ, గుంట, గీత ఏదీ కనపడదు. అప్పటికీ అమ్మలు "ఇంకాస్త తెల్లగా, నున్నగా చెయ్యి పాపా" అని నా వెనక నిలబడి పోరుతూనే ఉండేవాళ్లు, నేను చేస్తూనే ఉండేదాన్ని. ఆ సందులో మా పేరే అలా పడింది, నల్లపిల్లని తెల్లగా చేసే స్టూడియో అని. సొంతానికి అంటే మాత్రం ఒక లైటు ఆర్పేసి, రెండోది పక్కకి జరిపేది. "ఎదురు వెలుతురు మర్యాద చేస్తుంది పద్మా, పక్క నుంచి వచ్చింది ఉన్నది చెప్తుంది. చాలామందికి మర్యాదే కావాలి, తప్పు లేదు" అనేది. ఆ మాట చెప్పేటప్పుడు కూడా ఆవిడ చూపు వీధి గుమ్మం మీదే ఉండేది.

కోటేశ్వరరావు గురించి ఇక్కడ చెప్పాలి. పత్తి వ్యాపారం చేసేవాడు, ఊళ్లో మాట చెల్లే మనిషి. ఏటా తన పెళ్లిరోజుకి నాలుగురోడ్ల సెంటర్లో పెద్ద ఫ్లెక్సీ కట్టించుకునేవాడు, తనూ భార్యా చేతులు జోడించి నిలబడినట్టు, కింద అభిమానుల పేర్లూ తలకాయలూ. ఆ ఏడు ఫోటోకి భార్యని వెంటబెట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. ఆమె పేరు సుభాషిణి. ముఖానికి పౌడరు కొంచెం ఎక్కువే వేసుకుంది. మస్తాన్‌బీ గారు అలవాటుగా గడ్డం సరిచెయ్యబోతే ఆమె తల చటుక్కున వెనక్కి తీసుకుంది, దెబ్బ కాచుకునే వాళ్లు తీసుకున్నట్టు. నేను చూశాను. మస్తాన్‌బీ గారూ చూశారు. ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయి, మెల్లగా కిందికి దిగింది. రెండు లైట్లూ ఎదురుగా పెట్టి ఫోటో తీశారు.

నేను కంప్యూటర్ ముందు కూర్చుంటే కోటేశ్వరరావు నా కుర్చీ వెనకే నిలబడ్డాడు. అత్తరు వాసన, దాని కింద చెమట వాసన. తెర మీద వేలు పెట్టి, ఆమె దవడ కింద ఉన్న ఒక కమిలిన మచ్చని చూపించి, "ఈ నలుపు తీసెయ్ పాపా" అన్నాడు. తీసేశాను. రోజుకి ఎన్ని మచ్చలు తీస్తామో లెక్కే లేదు, కానీ అది తీస్తున్నంతసేపూ నేను సుభాషిణి వైపు చూడలేదు. తర్వాత, "ఫ్లెక్సీ పెద్దది, కళ్లు బాగా షార్ప్ చెయ్యి" అన్నాడు. చేశాను. ఆమె కళ్లు తేటపడ్డకొద్దీ వాటిల్లో ఉన్నది కూడా తేటపడింది. కోటేశ్వరరావు తెర మీది నుంచి వేలు తీసేశాడు. "ఏంటిది, ఇట్టా చూస్తంది... సరే, ఆ షార్ప్ తీసెయ్, మామూలుగానే ఉంచు" అన్నాడు. బల్ల మీద కూర్చున్న సుభాషిణి తన చేతిగాజుల్ని చూసుకుంటోంది. వాళ్లు వెళ్లాక మస్తాన్‌బీ గారు కెమెరాలోంచి ఫోటోలు పడే చిప్పు తీసి పైట కొంగున ముడి వేసుకున్నారు. రోజూ సాయంత్రం అందులో ఫోటోలు తుడిచేసి మళ్లీ వాడుకునే చిప్పు అది. ఎందుకక్కా అని అడిగితే, "ఏమో, ఇది తుడవబుద్ధి కావట్లా" అన్నారంతే.

ఫ్లెక్సీ కట్టారు. రోజూ బస్సు దిగి దాని కింది నుంచే నడిచి వచ్చేదాన్ని. నేను దిద్దిన నున్నటి ముఖం అంత ఎత్తున నవ్వుతుంటే తలవంచుకుని పోయేదాన్ని.

మిరప కోతలు జోరుగా ఉన్న రోజుల్లో, ఒక మిట్టమధ్యాహ్నం, సందులో కుక్క కూడా తిరగని వేళ సుభాషిణి ఒక్కతే వచ్చింది. డ్వాక్రా సంఘానికి చిన్న ఫోటోలు కావాలంది. తీశాం. అయినా లేవలేదు. వీధిలోకి ఒకసారి చూసి, మెడ చుట్టూ కప్పుకున్న పైట తీసింది. గొంతుకి రెండు వైపులా నీలంగా కమిలి ఉంది. వేళ్లు ఎక్కడ పడ్డాయో తెలుస్తోంది. నేను పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయాను.

"పెద్దమనుషుల దగ్గరికి వెళ్లానక్కా" అంది మస్తాన్‌బీ గారితో. "నిన్నగాక మొన్న సెంటర్లో చూశాం, లక్ష్మీదేవిలాగా ఉన్నావు, నీకేం తక్కువమ్మా అన్నారు. ఆ ఫ్లెక్సీ చూపించి నా నోరు మూశారు. మా అన్న మార్టూరులో రాయి పాలిష్ యూనిట్లో చేస్తాడు, ఆదివారం వచ్చి తీసుకెళ్తానన్నాడు. కేసు పెడదామన్నాడు. అప్పటికి ఇవి మానిపోతయ్. ఈసారి గొంతు పట్టుకున్నాడక్కా. ఇంకోసారి పట్టుకుంటే నేనుండను. ఉన్నదున్నట్టు ఒక ఫోటో తీస్తారా?"

మస్తాన్‌బీ గారి ముఖం పాలిపోయింది. గ్లాసు అందుకుని నీళ్లు తాగారు. నీళ్లు సగం జాకెట్టు మీద ఒలికాయి. వద్దంటారనే అనుకున్నాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను, వద్దంటే బాగుండుననీ అనుకున్నాను. ఆవిడ అడిగింది మాత్రం ఎప్పుడూ అడిగేదే. "ఇది ఎవరు చూడాలమ్మా?"

"జడ్జి గారు."

ఆవిడ కొంగుముడి విప్పి, అప్పటి నుంచి ఏ చీర కట్టినా కొంగున వేసుకుంటున్న ఆ పాత చిప్పే కెమెరాలో పెట్టారు. షట్టరు దించుదామా అని నేనంటే, "వద్దు, పట్టపగలు దించితే పదిమంది చూస్తారు, నువ్వు గుమ్మంలో నిలబడు" అన్నారు. ఎదురు లైట్లు ఆర్పేశారు. ఒక్కటే పక్కకి, కిందికి దించి పెట్టారు. అంతవరకూ మరకల్లాగా ఉన్నవి ఆ వెలుతురులో ఉబ్బుతో సహా లేచాయి, ఒక్కో వేలూ విడిగా. ముందు ముఖమూ మెడా కలిపి తీశారు, మెడ ఎవరిదో అని రేపు ఎవరూ అనకుండా. తర్వాత దగ్గరగా. ఆవిడ చేతులు ఎంత వణుకుతున్నాయంటే కెమెరాని చేత్తో పట్టుకునే ప్రయత్నమే చెయ్యలేదు, స్టాండుకి బిగించి, కెమెరా తీగ చివరున్న మీట నొక్కారు. ఒక్కో ఫోటోకీ ఆ లైటు మళ్లీ నిండుతూ కూత పెడుతుంటే, సందులోకి మోటార్ సైకిల్ ఏదో వస్తున్నట్టే అనిపించి నేను మాటిమాటికీ బయటికి తొంగి చూశాను.

చిప్పు కంప్యూటర్‌కి తగిలించి చూస్తున్నప్పుడు, "కొంచెం షార్ప్ చేస్తే గోటి గాట్లు ఇంకా బాగా కనిపిస్తాయక్కా" అన్నాను. సాయం చెయ్యాలనే అన్నాను. మస్తాన్‌బీ గారు నా మణికట్టు పట్టుకున్నారు.

"ముట్టుకోమాకు. మనం మొహాలు మారుస్తామని ఈ ఊళ్లో పసిపిల్లకి కూడా తెలుసు. నువ్వు వెంట్రుకవాసి పదును పెట్టినా, మచ్చ కూడా వీళ్లే పెట్టారంటారు. అప్పుడు ఈ పిల్ల మాట ఎవడు నమ్ముతాడు? కొంచెం మసకగా ఉన్నా ఉన్నదే ఉండనీ." చిప్పు తీసి మళ్లీ కొంగున కట్టుకుని, సుభాషిణితో, "పెద్దాసుపత్రిలో కూడా చూపించుకుని రాయించుకోమ్మా, మా ఫోటో ఒక్కటీ సరిపోదు" అని చెప్పి పంపించారు. ఆమె తిరిగి ఆ ఇంటికే పోతోంది, ఆదివారం దాకా అక్కడే ఉండాలి. సందు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాం.

మర్నాడు కోటేశ్వరరావు వచ్చాడు. పలకరింపు లేకుండా నేరుగా వెళ్లి ఫోటో కుర్చీలో కూర్చుని, "మా ఆవిడ వచ్చిందంటగా?" అన్నాడు.

"డ్వాక్రా ఫోటోలకి వచ్చారండి" అన్నారు మస్తాన్‌బీ గారు.

"చూపించు."

నేను చిన్న ఫోటోలు తెరిచాను. ఎదురు లైటులో నున్నగా, పైట మెడ దాకా కప్పుకుని ఉన్నవి. అతను కుర్చీ తెర దగ్గరికి లాక్కుని వంగి చూశాడు. "ఇవేనా? ఇంకేం లేవా?" అని నన్నడిగాడు. ఇంకేమీ లేవండి అన్న మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. అతని వెనక, చేతికందేంత దూరంలో, మస్తాన్‌బీ గారు కొంగుని పిడికిట్లో పట్టుకుని నిలబడి ఉన్నారు. అతను కుర్చీలోంచి కదల్లేదు. "సరే, వచ్చాంగా, నన్నూ ఒకటి తియ్యి" అన్నాడు. ఆవిడ లైటు జరుపుతుంటే ఆ స్టాండు గడగడలాడింది. అతను దాన్నీ ఆవిడనీ మార్చి మార్చి చూసి, "ఏం బీబమ్మా, ఎందుకట్టా వణుకుతున్నావు?" అన్నాడు.

అంతే, అయిపోయింది అనుకున్నాను. ఆవిడ ఏ జ్వరమో షుగరో అని చెప్తుందనుకున్నాను.

"భయమండీ" అన్నారు. "మీలాంటి పెద్దవాళ్లని తియ్యాలంటే నాకు ముందు నుంచీ భయమేనండీ."

అతను విరగబడి నవ్వాడు. ఆ నవ్వుకి పక్క కొట్టువాళ్లు కూడా తొంగి చూసి, "ఆవిడ సంగతి తెలిసిందేగా అన్నా, పిల్లి తుమ్మినా దడుసుకుంటది" అన్నారు. కోటేశ్వరరావు మీసం దువ్వుకుని, ఫోటో దిగి, వెళ్లిపోయాడు. బండి చప్పుడు దూరమయ్యాక మస్తాన్‌బీ గారు నేల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. నేను పక్కన కూర్చున్నాను. ఇద్దరం లైట్లు ఆర్పడం కూడా మర్చిపోయాం.

ఆదివారం సుభాషిణి అన్న వచ్చి ఆమెని తీసుకెళ్లాడు. కేసు చాలాకాలం నడిచింది. మస్తాన్‌బీ గారిని సాక్ష్యానికి పిలిచిన రోజు తోడుగా నేనూ వెళ్లాను. దారంతా బస్సులో ఆవిడ నా చెయ్యి వదల్లేదు. బోనులో నిలబడ్డాక, గట్టిగా చెప్పమ్మా అని జడ్జి గారు మళ్లీ మళ్లీ అనాల్సి వచ్చింది. అవతలి వకీలు, "మీ స్టూడియోలో మొహాలు మారుస్తారా, మార్చరా?" అన్నాడు.

"మారుస్తామండి."

"మచ్చలు తీస్తారు."

"తీస్తామండి."

"తీసేవాళ్లు పెట్టలేరా?"

ఆవిడ బోను కర్రని రెండు చేతులా పట్టుకుని, "పెట్టగలమండి" అన్నారు. "అందుకే ఆ చిప్పు ముట్టుకోలేదండి, అట్టాగే తెచ్చిచ్చాను. ఫ్లెక్సీకి తీసిన అసలు ఫోటో కూడా అందులోనే ఉంటది, దవడ కింద మచ్చతో. మేం ముట్టుకున్నది సెంటర్లో కట్టారండి, ఊరంతా చూసింది. ముట్టుకోనిది మీ చేతిలో ఉంది."

ఆ మాటలు కూడా గట్టిగా అనలేదు, వెనక బల్లల మీద వాళ్లకి వినపడి ఉండవు. కానీ వినాల్సినవాళ్లు విన్నారు. తీర్పు వచ్చాక సుభాషిణికి మళ్లీ ఆ మొగుడి గడప తొక్కే పని లేకుండా పోయింది. మా గడప తొక్కేవాళ్లే తగ్గారు. ఒక పొద్దున వచ్చేసరికి స్టూడియో అద్దం పగిలి ఉంది. ఎవరు చేశారో చూసినవాళ్లెవరూ లేరు. మస్తాన్‌బీ గారికి ఆ తర్వాత ధైర్యం వచ్చిందని రాస్తే చదవడానికి బాగుంటుంది కానీ రాలేదు. ఇంకా ఎక్కువ భయపడ్డారు. కొట్టు మూసేసి ఒంగోల్లో కూతురి దగ్గరికి వెళ్లినా, వీధిలోవాళ్లకి కనపడేలా గుమ్మానికి ఎదురుగా మాత్రం కూర్చునేవారు కాదట. అక్కడే పోయారు.

ఈమధ్య సుభాషిణి నా స్టూడియోకి వచ్చింది. మార్టూరులో కుట్టు సెంటరు పెట్టుకుందట, బోర్డు మీద వెయ్యడానికి ఫోటో కావాలంది. ఒళ్లు చేసింది, చెవుల దగ్గర నెరిసింది. "ఈసారి బాగా నున్నగా చెయ్యమ్మా, నలుగురూ చూసేది" అని నవ్వింది. రెండు లైట్లూ ఎదురుగా పెట్టాను. బయట ఎవరిదో బండి ఆగింది. ఇద్దరం ఒకేసారి అటు తిరిగాం. జిరాక్సు కోసం వచ్చిన మనిషి, పక్క కొట్టులోకి వెళ్లిపోయాడు. కెమెరా మీద నా వేళ్లు వణుకుతున్నాయి, ఆమె చూస్తుందేమోనని దాచుకోబోయాను.

"దాచుకోకు" అంది. "ఆ రోజు ఆవిడ చేతులట్టా వణుకుతుంటే నాకు ప్రాణం లేచొచ్చిందమ్మా. పెద్దమనుషులెవరూ భయపడలేదు, తాపీగా కూర్చుని నీకేం తక్కువన్నారు. ఆవిడొక్కతే భయపడింది. అంటే నా మాట నమ్మినట్టేగా."

ఫోటో తీశాను. బాగానే వచ్చింది. అప్పటి నుంచి నా ముందు కూర్చున్నవాళ్ల దగ్గర నా చేతులు దాచుకోవడం లేదు.